స్టోన్ టౌన్, లాము, మొంబాసా, కిల్వా: గైడ్‌తో నడిచి చూడాలంటే ఏ స్వాహిలీ ఊరు?

తూర్పు ఆఫ్రికాకు వెళ్ళే మనవాళ్ళలో ఎక్కువమంది సఫారీ కోసమే బయల్దేరతారు. మసాయి మారాలోనో సెరెంగెటిలోనో సింహాల్ని చూశాక రెండు మూడు రోజులు చేతిలో మిగులుతాయి. అప్పుడు మనసు సముద్రం వైపు పోతుంది. బీచ్‌తో పాటు ఒక పాత స్వాహిలీ ఊరు (ఆఫ్రికా, అరబ్బు సంస్కృతులు కలిసిన తీరపు ఊరు) కూడా చూద్దామనుకుంటే నాలుగు పేర్లు ఎదురవుతాయి: జాంజిబార్‌లోని స్టోన్ టౌన్, కెన్యా ఉత్తర తీరంలోని లాము, మొంబాసా పాతబస్తీ, టాంజానియా దక్షిణ తీరంలోని కిల్వా కిసివాని. ఫొటోల్లో అన్నీ ఒకేలా ఉంటాయి. ఇరుకు సందులు, పగడపు రాతి గోడలు, తెరచాప పడవలు. దాంతో ఏది చౌకగా దొరికితే అది బుక్ చేసేస్తారు. అలా చేయొద్దనే ఇది రాస్తున్నాను. ఈ నాలుగు నడకలూ నాలుగు రకాలు. మీకు సరిపడేది ఒకటే ఉంటుంది, మహా అయితే రెండు.

ముందు ఏం చూసుకోవాలి

అన్నిటికన్నా ముఖ్యమైన ప్రశ్న: మీకు మనుషులు కాపురముంటున్న ఊరు కావాలా, చరిత్ర మాత్రం మిగిలిన చోటు కావాలా? లాములో ఇప్పటికీ ఆ పాత ఇళ్ళలోనే జనం ఉంటున్నారు. కిల్వాలో మసీదు గోడలు, రాజభవనం పునాదులు ఉన్నాయి. స్టోన్ టౌన్, మొంబాసా ఈ రెండింటికీ మధ్యలో ఉంటాయి.

రెండోది, గైడ్ లేకుండా వెళ్తే ఎంత నష్టపోతారన్నది. కొన్ని చోట్ల చేతిలో మ్యాప్ ఉంటే చాలు. కొన్ని చోట్ల గైడ్ లేకపోతే రాళ్ళు తప్ప ఇంకేమీ కనపడవు. పెట్టే డబ్బుకు తగిన ఫలితం ఎక్కడ ఉంటుందో ఇక్కడే తేలుతుంది.

ఆ తర్వాత ప్రయాణం, ఎండ, మోకాళ్ళు. ఈ తీరమంతా భూమధ్యరేఖకు దగ్గర. మన విశాఖ, కాకినాడ ఉక్కపోత తెలిసినవాళ్ళకు ఇది కొత్త కాదు, కానీ ఇరుకు సందుల్లో గంటల తరబడి నడవడం వేరు. అమ్మానాన్నలను తీసుకెళ్తుంటే ఈ లెక్క మొదట వేసుకోండి. తిండి సంగతి కూడా ఉంది. శాకాహారులు అనుకున్నంత భయపడక్కర్లేదు. ఎందుకో ఊరి వారీగా చెప్తాను.

| | స్టోన్ టౌన్ | లాము | మొంబాసా | కిల్వా కిసివాని |
|---|---|---|---|---|
| ఊరి తీరు | నివాసాలు, హోటళ్ళు, మ్యూజియంలు కలిసిన పట్నం | జనం నిండుగా ఉన్న పాత ఊరు | పెద్ద నగరంలో ఒక పాతబస్తీ, పక్కన కోట | ద్వీపం మీద శిథిలాలు, చిన్న పల్లె |
| యునెస్కో గుర్తింపు | 2000 | 2001 | 2011, ఫోర్ట్ జీసస్‌కు మాత్రమే | 1981 |
| నడకకు కేటాయించాల్సింది | ఒక పూట | రెండు రాత్రులు ఉండి, రెండు విడతలుగా | ఒక పూట | పూర్తి రోజు, ముందు రోజు ప్రయాణం |
| గైడ్ లేకపోతే | కథ సగం పోతుంది | ఇళ్ళ లోపలి సంగతి పోతుంది | కోటలో నష్టం లేదు, బస్తీలో ఉంది | దాదాపు అంతా పోతుంది |
| చేరడం | తేలిక | విమానం, ఆపై పడవ | చాలా తేలిక | కష్టం |

స్టోన్ టౌన్: మొదటిసారి వెళ్ళేవాళ్ళకు

దార్ ఎస్ సలామ్ నుంచి ఫెర్రీ ఎక్కితే సుమారు రెండు గంటలు. విమానం దిగినా ఊరు పక్కనే. హోటళ్ళు అన్ని ధరల్లో ఉంటాయి, గైడ్లూ కొల్లలు. అందుకే మొదటిసారి వెళ్ళేవాళ్ళకు ఇదే సరైనదని నా అభిప్రాయం. అయితే ఒక షరతు. సుగంధ ద్రవ్యాల తోట, తాబేళ్ళ ద్వీపం, ఊరు అన్నీ కలిపి ఒకే రోజులో చూపించే ప్యాకేజీ తీసుకోకండి. అందులో ఊరికి దక్కేది గంటో గంటన్నరో. ఈ ఊరికి అది చాలదు.

ఎందుకు చాలదంటే, ఇక్కడ చరిత్ర బరువైనది. ఒమాన్ సుల్తాన్ సయ్యిద్ సయీద్ 1840 నాటికి తన రాజధానినే మస్కట్ నుంచి ఇక్కడికి మార్చుకున్నాడు. లవంగాలు, ఏనుగు దంతాలు, మనుషులు: ఈ మూడింటి వ్యాపారం మీద ఈ ఊరు పెరిగింది. బానిసల సంత 1873లో మూతపడింది. ఆ స్థలంలోనే ఆంగ్లికన్ చర్చి కట్టారు. సంతలో మనుషుల్ని కట్టి కొరడాలతో కొట్టిన చోటే చర్చి బలిపీఠం ఉందని చెప్తారు. బయట ఆవరణలో ఒక గొయ్యి, అందులో మెడలకు గొలుసులతో నిలబడిన కాంక్రీటు మనుషులు. స్వీడన్ శిల్పి క్లారా సోర్నాస్ 1998లో చేసిన శిల్పం అది. అక్కడ పది నిమిషాలైనా మౌనంగా నిలబడనివ్వని టూర్ ఎంత చౌకగా వచ్చినా వద్దు.

గైడ్ ఎలాంటివాడో తేల్చుకునే చోటు కూడా అదే. ఆ ఆవరణలో నేలమాళిగలు చూపించి, అమ్మకానికి తెచ్చిన బానిసలను ఇక్కడే కుక్కి ఉంచేవారని చెప్తారు. ఆ మాళిగలు సంత మూతపడ్డాక కట్టిన క్రైస్తవ మిషన్ భవనం కిందివని, అందులో నిజంగా బానిసల్ని ఉంచారా అన్నది సందేహమేనని అనే చరిత్రకారులున్నారు. మంచి గైడ్ ఈ మాట తనంతట తానే చెప్తాడు. సంత జరిగిందన్నది వాస్తవం, అక్కడ జరిగిన ఘోరం వాస్తవం. దాన్ని ఇంకా భయంకరంగా చేసి చెప్పాల్సిన అవసరం లేదు. తలుపుల మీద ఇత్తడి మేకుల సంగతీ అంతే. ఏనుగులు తలుపులు విరగ్గొట్టకుండా పెట్టారని అందరూ చెప్పే కథ మన దేశపు కోట తలుపుల నుంచి వచ్చింది. జాంజిబార్ సందుల్లో ఏనుగులు యుద్ధం చేసింది లేదు. అవి అక్కడ అలంకారం, హోదా.

తలుపుల దగ్గర కాసేపు ఆగండి. పైభాగం కమానులా వంపు తిరిగి ఉంటే అది సాధారణంగా భారతీయ ప్రభావం ఉన్న తలుపు. పైభాగం తిన్నగా ఉండి నిండా చెక్కడాలుంటే అరబ్బు శైలి. సముద్రానికి ఎదురుగా చెక్క బాల్కనీలతో నిలబడిన ఓల్డ్ డిస్పెన్సరీ భవనానికి డబ్బు పెట్టింది కచ్ ప్రాంతం నుంచి వచ్చిన థారియా టోపన్. ఇక్కడ ఒకప్పుడు రూపాయిలే చెలామణీ అయ్యాయి. ఇప్పుడు ఐఐటీ మద్రాసు 2023లో జాంజిబార్‌లో క్యాంపస్ తెరిచింది. మనకు ఈ ఊరితో ఉన్న బంధం చెప్పని గైడ్ ఉంటే అడిగి చెప్పించుకోండి.

ఇప్పుడు లోటు. 1883లో సుల్తాన్ బర్గాష్ కట్టించిన హౌస్ ఆఫ్ వండర్స్, ఊరికి ముఖంలాంటి భవనం, 2020 డిసెంబరు 25న కొంత కూలిపోయింది. ఇద్దరు చనిపోయారు. అప్పటి నుంచి పునరుద్ధరణ పనులు నడుస్తున్నాయి. లోపలికి వెళ్ళగలమన్న నమ్మకంతో ప్లాన్ చేసుకోకండి. క్వీన్ బ్యాండ్ గాయకుడు ఫ్రెడ్డీ మెర్క్యురీ 1946లో పుట్టింది ఈ ఊళ్ళోనే, ఆయన పేర మ్యూజియం ఉంది. కానీ 'ఆయన ఇల్లు ఇదే' అని ఒకటికి మించి ఇళ్ళు చూపిస్తారు, అభిమానులు గమనించాలి. ఇంకో చికాకు, రోడ్డు మీద వెంటపడే దళారులు. వద్దని ఒక్కసారి మర్యాదగా చెప్పి నడవడమే మార్గం.

సాయంత్రం నడకను ఫోరోధాని తోట దగ్గర ముగించమనండి. ఉరోజో అనే పుల్లటి పసుపు రంగు పులుసు అక్కడి జనం ఇష్టంగా తాగుతారు. మామిడి, నిమ్మ పులుపు, అందులో ఉడికిన బంగాళాదుంప ముక్కలు, చిన్న బజ్జీలు, పైన కరకరలాడే కర్రపెండలం తురుము. మాంసం ముక్కలు వేయొద్దని ముందే చెప్పాలి. చెప్తే వేయరు.

లాము: రెండు రాత్రులు ఇవ్వగలిగినవాళ్ళకు

మీకు రెండు రాత్రులు తీరిక ఉంటే నా ఓటు లాముకే. తూర్పు ఆఫ్రికాలో జనావాసం తెగకుండా కొనసాగిన స్వాహిలీ ఊళ్ళలో పాతది, బాగా నిలిచినది ఇదేనని యునెస్కో అంటుంది. సందులు ఎంత ఇరుకంటే కారు ఊసే లేదు. సరుకైనా ఇసుకైనా గాడిదల మీదే. ఎదురుగా గాడిద వస్తే మీరే గోడకు ఒత్తుకుని దారివ్వాలి. వయసు మీరిన, గాయపడిన గాడిదల కోసం ఊళ్ళో ఒక ఆశ్రయం కూడా ఉంది.

బయటి నుంచి చూస్తే లాము ఇల్లు ఒక గుడ్డి గోడ. కిటికీలు తక్కువ. వాకిట్లో రెండు వైపులా రాతి అరుగులు, అక్కడిదాకా ఎవరైనా రావచ్చు. అసలు ఇల్లు ఆ తలుపు వెనక ఉంది. పగడపు రాయి, సున్నంతో మందంగా గోడలు లేపి, పైకప్పుకు మడ చెట్ల దూలాలు వేస్తారు. దూలం ఎంత పొడవుంటే గది వెడల్పు అంతే. అందుకే గదులన్నీ సన్నగా, పొడుగ్గా, ఒకదాని వెనక ఒకటి ఉంటాయి. లోపలికి పోయేకొద్దీ మెట్టెత్తున లేస్తాయి. అన్నిటికన్నా లోపలి గదికి గోడ నిండా చిన్న చిన్న గూళ్ళు, సున్నపు చెక్కడాలతో. పింగాణీ గిన్నెలు పెట్టుకునే గూళ్ళవి. కాన్పులు ఆ వైపునే, చనిపోయినవాళ్ళకు స్నానం చేయించేదీ ఆ వైపునే. స్వాహిలీ హౌస్ మ్యూజియంలో నీళ్ళ తొట్టి అడుగున చూడండి. ఒక చైనా పింగాణీ గిన్నె అమర్చి ఉంటుంది. తొట్టి ఎండినా ఆ గిన్నెలో నీళ్ళు మిగిలి చిన్న చేపలు బతకాలని. ఆ చేపలు దోమల లార్వాలను తింటాయి. ఇలాంటిది చూపించే మనిషి పక్కన లేకపోతే అదొక పగిలిన గిన్నె అనుకుని వచ్చేస్తాం.

ఇంకా ఏం చూస్తారంటే, 1813లో మొదలై 1821లో పూర్తయిన కోట, 1984 దాకా అది జైలు. సముద్రం ఒడ్డునున్న మ్యూజియంలో ఉత్సవాల్లో ఊదే పెద్ద కొమ్ము బూరలు. ప్రవక్త జన్మదిన వేడుకలకు తీరమంతటి నుంచీ జనం వచ్చే రియాధా మసీదు. కానీ లాములో చూడాల్సిన చోట్ల జాబితా పెద్దది కాదు. జాబితా కోసం వెళ్ళేవాళ్ళు నిరాశపడతారు. ఒకటిన్నర గంటలో 'అయిపోయింది' అనే గైడ్ దొరికితే ఇంకా నిరాశ. ఉదయం ఒక విడత, అసర్ (సాయంత్రపు) నమాజు తర్వాత ఇంకో విడత నడవాలని ముందే మాట్లాడుకోండి. సాయంత్రం అరుగుల మీద కబుర్లు మొదలయ్యాకే ఆ ఊరు అర్థమవుతుంది.

భద్రత గురించి దాచకుండా చెప్పాలి. లాము కౌంటీ సోమాలియా సరిహద్దును ఆనుకుని ఉంది. 2014లో ప్రధాన భూభాగంలోని ఎంపెకెటోనిలో ఘోరమైన దాడి జరిగింది. ద్వీపం వేరు, సరిహద్దు అడవి వేరు. అయినా రోడ్డు మీద బస్సులో వెళ్ళొద్దని నా సలహా. నైరోబీ నుంచి మాండా విమానాశ్రయానికి ఎగిరి, అక్కడి నుంచి పడవలో దాటండి. బుక్ చేసే ముందు విదేశాంగ శాఖ సూచనలు ఒకసారి చూసుకోండి. ఖర్చు పెరుగుతుంది, నిజమే. ఆ ఖర్చు భారమనిపించినా, ఇంట్లో పెద్దవాళ్ళకు టెన్షన్ అనిపించినా లామును ఇంకోసారికి వాయిదా వేయడమే మంచిది.

మొంబాసా: కెన్యా సఫారీతో కలుపుకునేవాళ్ళకు

మొంబాసాను జనం చిన్నచూపు చూస్తారు. రద్దీ నగరం, ట్రాఫిక్, చెత్త అని. అవన్నీ ఉన్నాయి. కానీ 2017 నుంచి నైరోబీ నుంచి కొత్త రైలు నడుస్తోంది. ఐదారు గంటల్లో తీరానికి దించుతుంది, దారిలో సావో వన్యప్రాణి పార్కు మీదుగా. చేరడానికి ఇంత తేలికైన స్వాహిలీ ఊరు ఇంకోటి లేదు.

ఇక్కడ నడక రెండు ముక్కలు. మొదటిది ఫోర్ట్ జీసస్. పోర్చుగీసువాళ్ళు 1593లో మొదలుపెట్టిన కోట. నమూనా గీసిన ఇటలీ వాస్తుశిల్పి జొవాన్ని బట్టిస్టా కైరాటి గోవా కేంద్రంగా పనిచేసినవాడు. 1696 నుంచి 1698 దాకా ఒమానీలు దీన్ని ముట్టడించారు. దాదాపు 33 నెలలు. లోపల ఆకలి, జబ్బులు. సాయం తెచ్చిన శాంతో అంతోనియో ద తన్నా అనే ఓడ 1697లో కోట ఎదుటే మునిగింది. ఆ ఓడలో దొరికిన సామాను మ్యూజియంలో ఉంది. ఒక గోడ మీద పోర్చుగీసు నావికులు బొగ్గుతో, ఎర్రమట్టితో గీసిన ఓడల బొమ్మలున్నాయి. ఇంటికి దూరమై విసిగిన మనుషుల గీతలు. కోటలో అన్నిటికీ బోర్డులున్నాయి, కాబట్టి అక్కడ గైడ్ లేకపోయినా పరవాలేదు.

గైడ్ కావాల్సింది కోట బయట. పాతబస్తీ సందుల్లో 1570 నాటిదని చెప్పే మాండ్రీ మసీదు, పడవల పాత రేవు, బియాషరా వీధిలో కంగా (అచ్చు వేసిన రంగురంగుల నూలు) బట్టల దుకాణాలు, మార్కెట్లో దినుసుల కొట్లు. ఒంటరిగా వెళ్తే ఎక్కడ ఫొటో తీయొచ్చో, ఎక్కడ తీయకూడదో తెలీదు. అందుకే కోట టికెట్ మీరే కొనుక్కుని చూసి, గైడ్‌ను బస్తీకి మాత్రమే మాట్లాడుకోండి. డబ్బూ కలిసొస్తుంది.

పొద్దున్నే వెళ్ళేవాళ్ళు టిఫిన్ హోటల్లో చేయకండి. బస్తీలో మహమ్రి, ఎంబాజి దొరుకుతాయి. మహమ్రి అంటే యాలకుల వాసన వచ్చే, పూరీలా పొంగిన తియ్యటి రొట్టె. ఎంబాజి మన కందులే, కొబ్బరిపాలలో మెత్తగా ఉడికించి ఇస్తారు. శాకాహారి నాన్నగారు కూడా నిశ్చింతగా తినగలిగే భోజనం. మొత్తం తీరంలో శాకాహారులకు ఎక్కువ సుఖం మొంబాసాలోనే. తరతరాలుగా స్థిరపడ్డ గుజరాతీ కుటుంబాల వల్ల శాకాహార భోజనశాలలు ఉన్నాయి.

కిల్వా కిసివాని: చరిత్ర పిచ్చి ఉన్నవాళ్ళకు మాత్రమే

మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా 1331లో ఈ ఊరికి వచ్చి, అందమైన నగరాల్లో ఒకటని మెచ్చుకున్నాడు. లోపలి జింబాబ్వే పీఠభూమి బంగారం సోఫాలా రేవు మీదుగా ఇక్కడికే చేరేది. 11వ శతాబ్దంలో మొదలైన పెద్ద మసీదు, సముద్రం మీదికి చూసే హుసుని కుబ్వా రాజభవనం, అందులో ఎనిమిది మూలల కొలను. 1505లో పోర్చుగీసువాళ్ళు దోచుకున్నాక పాత వైభవం మళ్ళీ రాలేదు.

దార్ ఎస్ సలామ్ నుంచి దక్షిణంగా 300 కిలోమీటర్లకు పైనే. కిల్వా మసోకోలో దిగి, పురావస్తు కార్యాలయంలో అనుమతి తీసుకుని, గైడ్‌తో పడవలో దాటాలి. నీడ తక్కువ, ద్వీపం మీద తిండి దొరుకుతుందన్న భరోసా లేదు. పిల్లలు గంటలో విసుగెత్తిపోతారు. హంపీలో రోజంతా తిరిగినా తనివితీరనివాళ్ళు మాత్రం తప్పక వెళ్ళాలి. మిగతావాళ్ళు ఆ రెండు రోజులు లాముకు ఇవ్వండి.

మీ పరిస్థితికి ఏది

అమ్మానాన్నలతో వెళ్తున్నారా? స్టోన్ టౌన్, అదీ ప్రైవేటు గైడ్‌తో. గ్రూపులో నడిస్తే వాళ్ళ వేగం అందుకోలేరు, కూర్చోవాలన్నా మొహమాటపడతారు. చదునైన ఊరే, మెట్లు తక్కువ. కానీ చర్చి ఆవరణలోని మాళిగల్లోకి వంగి దిగాలి. వాళ్ళను పైనే కూర్చోబెట్టండి.

చిన్నపిల్లలుంటే మొంబాసా. కోటలో పరిగెత్తడానికి చోటుంది, ఫిరంగులున్నాయి. బానిసల సంత కథను ఏడెనిమిదేళ్ళ పిల్లలకు ఎలా చెప్పాలో మీరు ముందే ఆలోచించుకోకపోతే స్టోన్ టౌన్‌లో ఇబ్బందే. పదేళ్ళు దాటిన పిల్లలకు మాత్రం అది తప్పకుండా చూపించాల్సిన చోటు.

ఫొటోలు, ఇళ్ళ నిర్మాణం మీద ఇష్టం ఉంటే లాము. ఆర్కిటెక్చర్ చదివేవాళ్ళయితే ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. ఒంటరిగా ప్రయాణించే అమ్మాయిలకు స్టోన్ టౌన్‌లో తోటి ప్రయాణికులు ఎక్కువ కాబట్టి గ్రూపు నడక మేలు. నైరోబీ, దార్ ఎస్ సలామ్‌లలో ఉద్యోగాలు చేసుకుంటున్న తెలుగువాళ్ళయితే వారాంతానికి దగ్గరి ఊరు ఎలాగూ చూసే ఉంటారు. మీరు లాముకో కిల్వాకో టైమ్ పెట్టండి.

గైడ్‌ను ఎంచుకునేటప్పుడు

రోడ్డు మీద పలకరించినవాడితో కాకుండా, హోటల్ ద్వారానో మ్యూజియం దగ్గరో లైసెన్సు కార్డున్న గైడ్‌ను తీసుకోండి. టిప్ ఇస్తే చాలనే ఉచిత నడకలు ఊరి దారులు తెలుసుకోవడానికి బాగుంటాయి, కానీ గుంపు పెద్దదైతే ప్రశ్న అడిగే వీలుండదు. మాట్లాడుకునేటప్పుడు మూడు సంగతులు తేల్చుకోవాలి: ఎన్ని గంటలు, ప్రవేశ రుసుములు ధరలో ఉన్నాయా, దుకాణాల దగ్గర ఆగుతారా. మూడోది అడగడానికి మొహమాటపడకండి. కమీషన్ కోసం నాలుగు కొట్లు తిప్పితే మీ ఉదయం అందులోనే పోతుంది.

నాలుగూ ముస్లింలు ఎక్కువగా ఉన్న ఊళ్ళు. భుజాలు, మోకాళ్ళు కప్పే నూలు బట్టలు వేసుకోండి. మనుషుల ఫొటో తీసే ముందు అడగండి. శుక్రవారం మధ్యాహ్నం నడక పెట్టుకోవద్దు. రంజాన్ నెలలో పగలు భోజన హోటళ్ళు చాలావరకు మూసి ఉంటాయి, కాబట్టి సాయంత్రం నడకే మంచిది.

కాగితాల విషయానికొస్తే, కెన్యాకు ముందే ఆన్‌లైన్‌లో ఈటీఏ (ఎలక్ట్రానిక్ ప్రయాణ అనుమతి) తీసుకోవాలి. అక్కడి నుంచి తిరిగొచ్చేటప్పుడు మన విమానాశ్రయంలో యెల్లో ఫీవర్ టీకా కార్డు అడుగుతారు. ప్రయాణానికి కనీసం పది రోజుల ముందు ఆ టీకా వేయించుకోవాలి. జాంజిబార్‌లో అడుగుపెట్టే విదేశీయులు 2024 అక్టోబరు నుంచి అక్కడి ప్రభుత్వ బీమా సంస్థ దగ్గర 44 డాలర్ల బీమా కట్టాలి. మీ దగ్గర వేరే ట్రావెల్ ఇన్సూరెన్స్ ఉన్నా ఇది తప్పదు.

నెలల లెక్కకు వస్తే జూన్ నుంచి అక్టోబరు దాకా, మళ్ళీ జనవరి, ఫిబ్రవరి బాగుంటాయి. మార్చి చివరి నుంచి మే దాకా పెద్ద వానలు. ఆ రోజుల్లోనే సెలవు దొరికితే మొంబాసా ఎంచుకోండి, తడిస్తే కోట మ్యూజియంలోకి దూరవచ్చు. కిల్వా పడవ మాత్రం ఆ నెలల్లో పెట్టుకోకండి.